స్నోక్యాట్‌లో ఒక సీటు: ఖరీదెంత, ఫలమెంత

రాత్రంతా మంచు కురిసిన మర్నాడు ఏ పెద్ద స్కీ రిసార్టుకైనా వెళ్లి చూడండి. తొమ్మిదింటికి తెరిచే లిఫ్ట్ దగ్గర ఏడున్నరకే జనం బారులు తీరి ఉంటారు. మొదటి గంటలో దిగినవాళ్లకి మోకాలి లోతున పిండిలాంటి కొత్త మంచు దొరుకుతుంది. పదకొండయ్యేసరికి కొండంతా తొక్కుడుపడి, దున్ని వదిలేసిన చేనులా తయారవుతుంది. ఆ కొత్త మంచునే స్కీయర్లు పౌడర్ అంటారు. దానిమీద జారుతుంటే స్కీల కింద చప్పుడుండదు, కాలికి నేల తగలదు, ఒంటి బరువు తెలియదు. ఒకసారి ఆ రుచి మరిగినవాళ్లు ఏడాది పొడవునా దానికోసమే ఎదురుచూస్తారు.

ఎవరూ తొక్కని ఆ మంచు మీద పొద్దుట్నుంచి సాయంత్రం దాకా జారే అవకాశమే గైడెడ్ స్నోక్యాట్ స్కీయింగ్. రిసార్టులో కొన్ని రోజులకయ్యే ఖర్చు ఇక్కడ ఒక్కరోజులో అయిపోతుంది. అంత పెట్టడం తగునా అన్నది కాల్గరీ, సియాటెల్, డెన్వర్ లాంటి చోట్ల స్థిరపడి, అక్కడి కొండల్లో స్కీయింగ్ నేర్చుకున్న మనవాళ్లకి కూడా ఇప్పుడు ఎదురయ్యే ప్రశ్న. దీన్ని డబ్బు కోణంలోనే చూస్తే జవాబు తెగదు. డబ్బు, కాళ్లు, ప్రాణం, కొండ అని నాలుగు లెక్కలు వేసుకోవాలి. నా మట్టుకు నేను తేల్చుకున్నది ముందే చెప్తాను: ఆ సీటుకిచ్చే ధరలో పెద్ద వాటా మంచుకి కాదు, గైడు తీర్పుకి పోతుంది. ఆ తీర్పును అందుకోగల కాళ్లూ, ఒప్పుకోగల మనసూ ఉన్నవాళ్లకి ఈ ఖర్చు గిట్టుతుంది. మిగతావాళ్లు కొన్నాళ్లు ఆగడమే మేలు.

బండి కథ

స్నోక్యాట్ అంటే వెడల్పాటి పట్టాల మీద నడిచే డీజిల్ బండి. మన చైన్ ట్రాక్టరుకి అన్నలాంటిది. పట్టాలు వెడల్పుగా ఉండటంతో బరువు పరుచుకుని, మనిషి నడుము దాకా కూరుకుపోయే చోట కూడా ఇది తేలి నడుస్తుంది. రిసార్టుల్లో రాత్రిపూట వాలుల్ని చదును చేసేది ఈ బండే. జర్మనీ తయారీ పిస్టెన్‌బుల్లీ, ఇటలీ కంపెనీ ప్రినోత్ బళ్లు ఎక్కువగా కనిపిస్తాయి. వెనక భాగంలో చిన్న బస్సులాంటి క్యాబిన్ బిగించి, లోపల సీట్లూ హీటరూ పెడితే స్కీయర్లని మోసే వాహనం తయారు. సాధారణంగా పన్నెండు మంది అతిథులు, ఇద్దరు గైడ్లు ఎక్కుతారు.

కెనడాలో ఆస్ట్రియా నుంచి వచ్చిన గైడు హాన్స్ గ్మోజర్ 1965లో బుగాబూ పర్వతాల్లో హెలికాప్టర్ స్కీయింగ్‌ని వ్యాపారంగా మొదలుపెట్టాడు. పదేళ్ల తర్వాత, 1975లో, బ్రిటిష్ కొలంబియాలోని మెడో క్రీక్ అనే చిన్న ఊళ్లో అలన్ డ్రూరీ, బ్రెండా డ్రూరీ దంపతులు హెలికాప్టరు బదులు స్నోక్యాట్‌తో అదే పని ప్రారంభించారు. ప్రపంచంలో తొలి స్నోక్యాట్ స్కీయింగ్ సంస్థగా దాన్నే చెప్పుకుంటారు. అక్కడే ఎందుకు పుట్టిందంటే కారణాలున్నాయి. పసిఫిక్ మీదుగా వచ్చే తేమగాలి సెల్కర్క్, మొనాషీ పర్వత శ్రేణులకు కొట్టుకుని మంచుగా రాలుతుంది. చలికాలం మొత్తమ్మీద పది మీటర్లకు మించి కురిసే చోట్లు అక్కడ చాలా ఉన్నాయి. పైగా కలప నరకడానికీ గనులకీ వేసిన పాత బాటలు కొండల్లోకి అప్పటికే ఉన్నాయి. స్నోక్యాట్‌కి కావలసింది ఆ బాటే.

ఇప్పుడు ఫెర్నీ దగ్గర ఐలాండ్ లేక్ లాడ్జ్, నెల్సన్ దగ్గర బాల్డ్‌ఫేస్, మొనాషీలో మస్టాంగ్ పౌడర్, గోల్డెన్ దగ్గర చాటర్ క్రీక్ లాంటివి పేరున్న లాడ్జిలు. అమెరికాలో కొలరాడోలోని బఫెలో పాస్ మీద స్టీమ్‌బోట్ పౌడర్‌క్యాట్స్, వయోమింగ్‌లో గ్రాండ్ టార్గీ రిసార్టు ఈ సేవ నడుపుతున్నాయి. జపాన్‌లో హొక్కైడో దీవిలో సైబీరియా గాలులు సముద్రం దాటి వచ్చి పోసే పొడి మంచు మీద కూడా ఈ బళ్లు తిరుగుతున్నాయి.

ఒక రోజు ఎలా గడుస్తుంది

ఉదయం ఏడున్నరకే సామాన్ల తనిఖీ. ప్రతి ఒక్కరి ఒంటికీ ట్రాన్స్‌సీవర్ కట్టిస్తారు. మంచు కింద కప్పబడిపోయిన మనిషిని వెతకడానికి 457 కిలోహెర్ట్జ్ మీద సంకేతం పంపే చిన్న పెట్టె అది. వీపు సంచిలో మడిచిన పార, విడదీస్తే రెండు మీటర్లు దాటే ప్రోబ్ కర్ర. గైడు ఒక ట్రాన్స్‌సీవర్‌ని మంచులో పాతిపెట్టి, జంటలు జంటలుగా వెతికిస్తాడు. అరగంటో ముప్పావుగంటో పట్టే ఈ పాఠాన్ని చేసే పద్ధతిలోనే ఆ సంస్థ ఎలాంటిదో తెలిసిపోతుంది. చేతికిచ్చి సరే పదండి అనేవాళ్ల దగ్గర రోజంతా జాగ్రత్తగా ఉండాలి. దొరికేదాకా మళ్లీ మళ్లీ వెతికించేవాళ్లని నమ్మొచ్చు.

తర్వాత బండెక్కడం. క్యాబిన్‌లో తడి ఉన్ని వాసన, డీజిల్ వాసన, ఎవరో తెరిచిన ఫ్లాస్కులోంచి కాఫీ వాసన. కిటికీ అద్దాలకు ఆవిరి పట్టి బయట ఏమీ కనబడదు. బండి పావుగంటో ఇరవై నిమిషాలో మెల్లగా ఎక్కుతుంది. ఆ సేపట్లో చేతులు వెచ్చబడతాయి, కాళ్లు తేరుకుంటాయి, పక్కవాళ్లతో మాటలు కలుస్తాయి. శిఖరం దగ్గర తలుపు తెరుచుకోగానే చలి ముఖాన కొడుతుంది.

ముందు గైడు దిగుతాడు. కాస్త కింద ఆగి రేడియోలో చెప్తాడు: నా గీతకి ఎడమ పక్కనే రండి, గీత దాటొద్దు, ఒకరు ఆగాకే ఇంకొకరు బయల్దేరండి. పన్నెండు మందీ ఒకరి గీత పక్కన ఒకరు, నాగేటి చాలు పక్కన చాలు వేసినట్టు దిగుతారు. అలా పొదుపుగా వాడితే వాలులో సగం మిగులుతుంది, తర్వాతి విడతకి కూడా తొక్కని మంచు ఉంటుంది. చివర్న రెండో గైడు వస్తాడు, ఎవరైనా పడితే లేపడానికి. కింద బండి సిద్ధంగా ఉంటుంది. ఇలా రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు దిగుళ్లు, మంచి రోజున అంతకు మించి కూడా. అన్నీ కలిపితే మూడు నాలుగు వేల మీటర్ల నిలువు దిగుడు.

హెలికాప్టరుతో, సొంత కాళ్లతో పోలిస్తే

హెలికాప్టరు రెండు మూడు నిమిషాల్లో శిఖరం మీద దింపుతుంది. పెద్ద హిమానీనదాలు, పొడవైన వాలులు దానికే అందుతాయి. అయితే మబ్బు కమ్మితే, మంచు జోరుగా కురిస్తే అది లేవలేదు. అసలైన పౌడర్ పడేది ఆ రోజుల్లోనే. స్నోక్యాట్‌కి ఆ ఇబ్బంది లేదు. తుపానులోనూ బాట వెంట ఎక్కుతుంది, చెట్ల మధ్య జారిస్తుంది. చెట్లుంటే కొండ రూపు కంటికి ఆనుతుంది. తెల్లటి మసకలో ఏది వాలో ఏది గుంటో తెలియని ప్రమాదం తగ్గుతుంది. మూడు రోజుల కోసం సెలవు పెట్టుకుని వెళ్లేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. హెలికాప్టరు వాళ్లు లాడ్జిలో కూర్చుని కిటికీలోంచి ఆకాశాన్ని చూసే రోజున స్నోక్యాట్ వాళ్లు పదో దిగుడులో ఉంటారు.

మూడో దారి స్కీ టూరింగ్. స్కీల అడుగున పట్టుకోసం స్కిన్స్ అతికించుకుని, సొంత కాళ్లతో ఎక్కడం. పొగ లేదు, చప్పుడు లేదు, ఖర్చు తక్కువ. కానీ రోజంతా ఎక్కినా మూడు నాలుగు దిగుళ్లే దక్కుతాయి. పైగా గైడు లేకుండా వెళ్తే మంచు చరియల గురించి తీర్పు పూర్తిగా మనదే. ఆ చదువు ఒక్క వారాంతంలో వచ్చేది కాదు.

డబ్బు లెక్క

ధరలు ఏటా మారతాయి, కాబట్టి వీటిని ఉజ్జాయింపుగానే తీసుకోండి. బ్రిటిష్ కొలంబియాలో ఒక్కరోజు స్నోక్యాట్ సీటు సుమారు 600 నుంచి 900 కెనడియన్ డాలర్లు. భోజనం, బస కలిసిన లాడ్జి అయితే రోజుకి 1,200 నుంచి 1,700 దాకా పోతుంది. హెలికాప్టరు రోజు 1,500 దగ్గర మొదలై పైకి వెళ్తుంది.

ఒక్కరోజు సీటు 750 అనుకుందాం. 5 శాతం పన్ను, గైడ్లకీ బండి డ్రైవరుకీ ఇచ్చే 10 శాతం టిప్పు కలిపితే 860 దాటుతుంది. మన డబ్బులో 50 వేల పైమాటే. పది దిగుళ్లకి పంచితే ఒక్కో దిగుడు 86 డాలర్లు. మూడు రోజుల లాడ్జి రోజుకి 1,400 చొప్పున 4,200. పన్నూ టిప్పూ కలిపితే 4,830. దాదాపు మూడు లక్షల రూపాయలు, ప్రయాణ ఖర్చులు కాక.

రెండో పక్క చూడండి. అమెరికాలోని పెద్ద రిసార్టుల్లో రద్దీ రోజున కౌంటరు దగ్గర కొనే ఒక్కరోజు టికెట్ 300 అమెరికన్ డాలర్లు దాటింది. ఆ ధరతో పోలిస్తే స్నోక్యాట్ ఖరీదు అంత ఘోరంగా అనిపించదు. కానీ సీజన్ పాస్ సుమారు 1,000 డాలర్లకి కొని ఇరవై రోజులు తిరిగేవాళ్లకి రోజుకి 50 డాలర్లే పడుతుంది. వాళ్లకి స్నోక్యాట్ రోజంటే రిసార్టు రోజులు పది పైగా వదులుకోవడమే. స్కీయింగ్‌లో ఇంకా ఎదగాల్సినవాళ్లు ఆ పది రోజుల్నే ఎంచుకోవాలి. పది రోజుల సాధన ఇచ్చేది ఒక్కరోజు విలాసం ఇవ్వదు.

పైకి కనబడని ఖర్చులు కూడా గుర్తుంచుకోవాలి. చాలా సంస్థలు బుకింగ్ నాడే పెద్ద అడ్వాన్సు తీసుకుంటాయి, సీజన్ దగ్గర పడ్డాక మానుకుంటే డబ్బు వెనక్కి రాదు. మామూలు ప్రయాణ బీమాలో రిసార్టు హద్దుల అవతలి స్కీయింగ్ చాలాసార్లు ఉండదు, కొండ మీంచి హెలికాప్టరులో దింపే ఖర్చు అసలే ఉండదు. షరతులు చదివి, అవి ఉన్న పాలసీయే తీసుకోవాలి. భారత పాస్‌పోర్టుతో అమెరికాలో ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు కెనడా వెళ్లాలంటే కెనడా విజిటర్ వీసా వేరుగా కావాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఆ అవసరం లేదు. వీసా చేతికి రాకుండా అడ్వాన్సు కట్టొద్దు.

ఖర్చు తగ్గించే దారి ఒకటుంది. పన్నెండు సీట్లలో ఒకటో రెండో చివరి వారంలో ఖాళీ అవుతుంటాయి. స్టాండ్‌బై జాబితాలో పేరిచ్చి, రెండు రోజుల ముందు కబురొచ్చినా బయల్దేరగలిగిన వాళ్లకి అవి తగ్గింపు ధరకు దక్కుతాయి. ఆ కొండలకి కారు దూరంలో ఉన్నవాళ్లకే ఇది కుదురుతుంది. కాల్గరీ నుంచి ఫెర్నీ సుమారు 300 కిలోమీటర్లు, అలాంటివాళ్లకి ఇది వరమే.

కాళ్ల లెక్క

డబ్బుంటే సీటు దొరుకుతుంది గానీ పౌడర్‌లో జారడం డబ్బుతో రాదు. చదును చేసిన గట్టి వాలు మీద చక్కగా తిరిగే మనిషి కూడా మొదటిసారి లోతు మంచులో దిగితే కూలబడతాడు. బరువు వెనక్కి వేస్తే తొడలు మండిపోతాయి, ఒక కాలి మీదే వేస్తే ఆ స్కీ మునిగిపోతుంది. పడితే లేవడానికి ఆసరా ఉండదు, చెయ్యి ఆనిస్తే భుజం దాకా దిగిపోతుంది. ఊడిన స్కీ మంచు అడుగున ఎక్కడుందో వెతకడానికే పావుగంట పట్టొచ్చు. ఆ పావుగంటా మిగతా పదకొండు మందీ కింద చలిలో నిలబడి ఉంటారు. అందరిదీ ఒకే బండి కాబట్టి అందరికంటే వెనకబడినవాళ్ల వేగమే ఆ రోజు జట్టు వేగం.

అందుకే సంస్థలు ఏ వాలైనా, ఏ మంచైనా అదుపు తప్పకుండా దిగగలగాలని అడుగుతాయి. ఈ మాటకి నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి. నేను పెట్టుకున్న కొలత ఇది: రిసార్టులో నల్ల గుర్తు పెట్టిన కష్టమైన వాలులు, చదును చేయనివి, రోజుకి ఎనిమిది దిగి, సాయంత్రానికి కాళ్లు వణకకుండా ఉండాలి. చెట్ల మధ్య పొట్టి మలుపులు తిరగగలగాలి. వంద మిల్లీమీటర్లకు మించిన నడుము వెడల్పున్న స్కీలు లోతు మంచులో తేలికగా తేలతాయి. అవి చాలా లాడ్జిల్లో అద్దెకు దొరుకుతాయి. మన సొంత సన్న స్కీలు పట్టుకెళ్లడం దండగ.

ముందుగా చిన్న పరీక్ష పెట్టుకోవాలంటే డెన్వర్ దగ్గరున్నవాళ్లకి ఒక మంచి వీలుంది. లవ్‌ల్యాండ్ రిసార్టులో శిఖరపు గట్టు మీదకి స్నోక్యాట్ లిఫ్ట్ టికెట్‌తోనే ఉచితంగా తీసుకెళ్తుంది. రోజంతా గైడుతో తిరగడం లాంటిది కాదుగానీ, బండెక్కి, గాలిలో దిగి, చదును చేయని వాలు మీద మన కాళ్లు ఎలా ఉన్నాయో అక్కడ తేలిపోతుంది.

ప్రాణం లెక్క

పౌడర్ నిలిచే వాలులే మంచు చరియలు విరిగిపడే వాలులు కూడా. పలకలుగా జారే చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లోనే కదులుతాయి. స్కీయర్లు కోరేది కూడా ఆ వాలునే. కప్పబడిపోయిన మనిషికి కాలమే ప్రాణం. మొదటి పది నిమిషాల్లో బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారని స్విట్జర్లాండ్ లెక్కలు చెప్తున్నాయి. అరగంట దాటితే ఆశ వేగంగా సన్నగిల్లుతుంది. పట్టణం నుంచి రక్షక బృందం వచ్చేసరికి ఆ సమయం మించిపోతుంది. అంటే మన ప్రాణం పక్కనున్న మనిషి చేతిలో, పక్కవాళ్ల ప్రాణం మన ట్రాన్స్‌సీవర్ సాధనలో ఉంది. ఉదయపు పాఠం అంత ముఖ్యమైనది అందుకే.

గైడు ఉంటే ప్రమాదం లేదనుకోవడం తప్పు. 2003 జనవరి 20న రెవెల్‌స్టోక్ దగ్గర లా ట్రావియాటా వాలులో గైడ్లతో వెళ్తున్న స్కీ టూరింగ్ జట్టు మీద చరియ విరిగిపడి ఏడుగురు చనిపోయారు. స్నోబోర్డింగ్‌లో ప్రపంచ ప్రసిద్ధుడైన క్రెయిగ్ కెల్లీ వాళ్లలో ఒకడు. రెండు వారాలు తిరగకుండా ఫిబ్రవరి 1న అదే ప్రాంతంలో స్కూలు పిల్లల జట్టు మీద మరో చరియ పడి ఏడుగురు విద్యార్థులు పోయారు. నవంబరులో ఏర్పడ్డ బలహీనమైన పొర ఆ చలికాలమంతా అడుగున అలాగే ఉండిపోయింది. ఆ విషాదాల తర్వాతే కెనడా 2004లో జాతీయ స్థాయిలో చరియల హెచ్చరిక కేంద్రాన్ని ఏర్పాటు చేసుకుంది. నేటి అవలాంచ్ కెనడా అదే.

అయినా గైడుతో వెళ్లడమే మెరుగు, కారణం ఉంది. మనం వారాంతంలో ఒకసారి కొండను చూస్తాం. ఆ గైడ్లు నవంబరు నుంచి రోజూ అదే కొండలో ఉంటారు. ఏ రాత్రి ఎంత మంచు పడిందో, ఏ గాలి దాన్ని ఎటు తోసిందో, ఏ పొర కింద ఏ పొర ఉందో వాళ్ల నోటు పుస్తకంలో ఉంటుంది. ప్రతి ఉదయం కూర్చుని వాలుల జాబితా తీసి ఈ వేళ వెళ్లదగినవి, వెళ్లకూడనివి అని విడదీస్తారు. మనం కొంటున్నది ఆ చలికాలం మొత్తపు గమనికల్ని.

చరియలకంటే తక్కువగా వినబడే ఇంకో ప్రమాదం చెట్టు మొదలు. ఫర్ చెట్టు కింది కొమ్మలు మంచుని ఆపేస్తాయి. దాంతో కాండం చుట్టూ కొమ్మల చాటున బోలు ఏర్పడుతుంది. పైకి అంతా సమంగా, మెత్తగా కనిపిస్తుంది. దగ్గరగా వెళ్లి తడబడితే మనిషి తలకిందులుగా లోపలికి పడతాడు, కొమ్మల మీది మంచు పైన రాలుతుంది. కావాలని మనుషుల్ని ఆ గుంటల్లో ఉంచి చేసిన ప్రయోగాల్లో పదిమందిలో తొమ్మిదిమంది సొంతంగా బయటపడలేకపోయారు. అందుకే చెట్ల మధ్య గైడ్లు జంటలు కట్టి, ఒకరికొకరు కనబడుతూ, కేకలేసుకుంటూ దిగమంటారు. ముందుకి ఉరికి జంటని వదిలేయడం ఇక్కడ అన్నిటికంటే పెద్ద తప్పు.

కొండ లెక్క

డీజిల్ బండి గంటకి ఇరవై లీటర్ల చుట్టూ తాగుతుంది. పన్నెండు మందికి పంచితే హెలికాప్టరుకంటే చాలా తక్కువే, సొంత కాళ్లతో పోలిస్తే మాత్రం ఎక్కువే. ఇంధనం ఒక్కటే కాదు. ఆ కొండల్లో కారిబూ జింకలు చలికాలంలో చెట్లకు వేలాడే నాచు తిని బతుకుతాయి. అడవుల నరికివేత వాటిని ముందే దెబ్బతీసింది, బళ్ల చప్పుడు ఉన్న కొద్ది చోటు నుంచీ తరుముతుంది. దక్షిణ సెల్కర్క్ మందలో మిగిలిన చివరి ఆడ కారిబూను 2019 జనవరిలో పట్టుకుని రెవెల్‌స్టోక్ దగ్గరి ఆవరణకి తరలించారు. ఆ మంద అడవిలో లేకుండా పోయింది. జింకలు కనబడితే ఆ లోయను మూసేసే సంస్థలున్నాయి. బుకింగ్‌కి ముందు ఈ విషయం అడగడం మన బాధ్యత.

ఎక్కడ, ఎప్పుడు

డిసెంబరులో మంచు పలచన, మోడులూ రాళ్లూ పూర్తిగా కప్పబడవు. జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా పొడి మంచు, కటిక చలి. మార్చిలో పగళ్లు పెరుగుతాయి, మంచు తరచుగా కుదురుకుంటుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకి ఫిబ్రవరి ఆఖరు, మార్చి తొలి రోజులు సుఖం. ఎత్తు కూడా చూసుకోవాలి. బ్రిటిష్ కొలంబియాలో చాలా లాడ్జిల శిఖరాలు 2,000 మీటర్లు దాటతాయి, సాధారణంగా ఊపిరికి ఇబ్బంది ఉండదు. కొలరాడోలో 3,000 మీటర్ల పైన తిరగాలి, ముందుగా ఒకటి రెండు రోజులు అలవాటు పడటం మంచిది.

ఇండియాలో ఉండి పౌడర్ కోరేవాళ్లకి గుల్మార్గ్ ఉంది. రెండో దశ గొండోలా అఫర్వత్ కొండ మీద 3,900 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. కెనడా ఖర్చులో చిన్న భాగంతో లోతు మంచు దొరుకుతుంది. అక్కడా కొండ మెత్తనిది కాదు. 2023 ఫిబ్రవరిలో చరియ కింద పడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు, ఏడాది తర్వాత ఒక రష్యన్ స్కీయరు మరణించారు. స్థానిక గైడు, ట్రాన్స్‌సీవర్ లేకుండా హద్దు దాటొద్దు.

ఎవరికి తగును

రిసార్టులో నల్ల గుర్తు వాలులు ఇంకా భయపెట్టేవాళ్లకి ఇప్పుడే వద్దు. ఆ డబ్బుతో శిక్షకుడి దగ్గర నాలుగు రోజులు నేర్చుకుంటే పై ఏడాదికి కాళ్లు సిద్ధమవుతాయి. రిసార్టులో పౌడర్ రోజు రుచి చూసి, పదకొండింటికి అది అయిపోతే బాధపడేవాళ్లకి ఒక్కరోజు సీటు తప్పకుండా తగును. ఒకే స్థాయిలో ఉన్న స్నేహితులు పన్నెండు మంది పోగైతే మూడు రోజుల లాడ్జికి మించింది లేదు. ఎవరి కోసమూ ఎవరూ నిలబడక్కర్లేదు, మంచు కురుస్తున్నా రోజు వృథా పోదు. హిమానీనదాలూ పెద్ద శిఖరాలూ కావాలనుకునేవాళ్లు హెలికాప్టరుకి, నిశ్శబ్దం కోరేవాళ్లు టూరింగ్‌కి పోవడం న్యాయం.

ఇవన్నీ చూసుకున్నాక ఒక ప్రశ్న మిగులుతుంది. ఎండ కాస్తోంది, ఎదురుగా గీత లేని తెల్లటి వాలు ఉంది, మనం వేల డాలర్లు కట్టి వచ్చాం. గైడు అంచున నిలబడి పారతో గుంట తవ్వి, పొరల్ని వేళ్లతో తడిమి, లేచి చెప్తాడు: ఈ వేళ ఈ వాలు వద్దు, పక్క చెట్లలోకి పోదాం. ఆ మాటకి మనసులో గొణుగుడు లేకుండా సరే అనగలిగితే, ఆ సీటుకి కట్టిన ప్రతి డాలరూ అక్కడే దక్కినట్టు.